బండమనిషి కనబడని పుస్తకం

ఇమాము బతుకంతా కడపలో నాపరాళ్లకు పాలిష్ పెట్టాడు. ఆ రాతిదుమ్మే రొమ్ములో చేరి ఇప్పుడు మంచాన పడేసింది. అలాంటి మనిషి మీద కొడుకు చాంద్ నవల రాశాడంటే ఇల్లంతా పండగే. చాంద్‌కు కల్లూరులో స్టిక్కర్ల అంగడి ఉంది, సూపర్‌హీరోల పిచ్చీ ఉంది. అతని హీరో బండమనిషి. దుమ్ము మింగి మింగి ఒళ్లు రాయైపోయినవాడు, నాటుబాంబు వేసినా చెక్కుచెదరడు. "అది నువ్వే నాయనా" అని చాంద్ అన్నప్పుడు ముసలాయన సిగ్గుపడి దుప్పటి ముఖం మీదికి లాక్కున్నాడు.

ఇమాముకు చదువు రాదు. కూతురు పర్వీన్ పక్కన కూర్చుని పైకి చదివి వినిపించింది. మొదట్లో బండమనిషి వచ్చాడు, బాగానే వచ్చాడు. ఆ తర్వాత ఎటు పోయాడో పోయాడు. ఇక ఒకప్పుడు కడపలో ఫ్యాక్షన్ నడిపిన కొండప్ప ముఠా దిగింది. వాళ్ల జీపులు, వాళ్ల మీసాలు, వాళ్ల వేటకొడవళ్లు, ఆఖరికి వాళ్లు తిన్న పొట్టేలు కూర గురించి కూడా పేజీలకు పేజీలు! హీరోగారు చివర్లో వచ్చి శవాల మీద గుడ్డ కప్పి వెళ్లిపోయాడు. అంతే.

పర్వీన్‌కు ఒళ్లు మండింది. బయటికి వెళ్లి తమ్ముడికి ఫోన్ చేసింది.

"ఏమ్రా చాందూ, నాయన పుస్తకమని చెప్పి ఆ దొంగనాయాళ్లది రాసినావా?"

"నేనేం జేసేదక్కా? వాళ్ల గురించి అడిగితే నాయన దగ్గుకుంటానే పొద్దంతా చెప్తాడు. నీ సంగతి చెప్పు అంటే, 'నాదేముండాది, రాళ్లు రుద్దినా, ఇంటికొచ్చినా' అంటాడు. అదెట్ల రాసేది?"

పర్వీన్ ఫోన్ పెట్టేసింది. రాయాల్సింది ఏమిటో ఆమెకు తెలుసు. చిన్నప్పుడు ఒకరోజు నాయనకు అన్నం క్యారియర్ తీసుకుపోయింది. కొండప్ప ముఠావాళ్లు తరుముతుంటే ఎవడో మనిషి పరుగెత్తుకొచ్చి పాలిష్ ఫ్యాక్టరీలో దూరాడు. నాయన అతన్ని బండల చాటున దాచి, గేటు కాడ నిలబడి, "ఈడ ఎవురూ ల్యారప్పా" అన్నాడు. చెయ్యి విరిగేదాకా కొట్టారు. నాయనది అదే మాట. బండ మీద పడి విరిగిందని ఇంట్లో చెప్పాడు. చాంద్ అప్పటికి పుట్టనే లేదు. పర్వీన్ మొదట భయంతో నోరు మెదపలేదు, తర్వాత అలవాటైపోయింది. తమ్ముడు రాయడానికి కూర్చున్నప్పుడైనా ఒక్కమాట చెప్పి ఉంటే ఎంత బాగుండేది! ఆ బాధ ఆమెను తినేసింది.

లోపలికొచ్చి మంచం మీద కూర్చుంది.

"నాయనా, ఆ పొద్దు గేటు కాడ జరిగింది నేను చూసినా. బండల ఎనకాల నేనుగూడా ఉన్నా."

ఇమాము వంకరపోయిన చేతిని దుప్పటి కిందికి లాక్కున్నాడు.

"అదేం కథలేమ్మా," అన్నాడు దగ్గుతూ. "కొండప్ప పొట్టేలు తినేది ఉండాదే, అది శానా బాగుండాది. మళ్లా సదువు."

పర్వీన్ కళ్లు తుడుచుకుని అదే చదివింది.