నోరు తెరిచి నిద్రపోయిన చంద్రవ్వ ఫోటో

చంద్రవ్వ భివండిలోని గైబీ నగర్‌లో ఒక మగ్గాల షెడ్డులో కండెలకు నూలు చుట్టేది. పదహారో ఏట పెళ్లయి సిరిసిల్ల నుంచి ఆ ఊరు వచ్చింది. ముప్పై ఏళ్లుగా అదే పని. మగ్గాలు ఆగే శుక్రవారం బస్సెక్కి కళ్యాణ్‌లో చెల్లెలి ఇంటికి పోయేది. అక్కడ కడుపునిండా తిని, తిరుగు బస్సులో హాయిగా నిద్రపోయేది.

అదే ఊళ్లో, నార్పోలిలో చీరల దుకాణం నడిపే రంగయ్యకు రూపేష్ అని ఒక్కడే కొడుకు. దుకాణంలో కూర్చోవడం వాడికి నామోషీ. ముంబైలో ఆర్నెల్లు ఫోటోలు తీయడం నేర్చుకుని, గడ్డం పెంచి, తాను కళాకారుణ్ణని తనకు తానే తేల్చేసుకున్నాడు. ఇంటి ముందు స్కూటర్ ఉండగా బస్సులెక్కేవాడు. భుజాన సంచి, సంచికి చిల్లు, చిల్లు వెనక కెమెరా. ఎవరు కునికినా, ఎవరు కళ్లు తుడుచుకున్నా చడీచప్పుడు లేకుండా నొక్కేవాడు. ఎంత ధైర్యవంతుడంటే, మెలకువగా ఉన్నవాళ్ల ఎదుటికి ఒక్కసారీ కెమెరా ఎత్తలేదు.

2003లో వాడు కళ్యాణ్‌లో ఒక హాలు తీసుకుని ఆ ఫోటోలు గోడలకు తగిలించాడు. వాటిలో ఒకటి మరాఠీ పేపర్లో వచ్చింది. చంద్రవ్వ కూతురు దీపాలి దాన్ని చూసి పరుగెత్తుకొచ్చింది.

“అమ్మా, బఘ్ నా, చూడు! పేపర్ల నీ ఫోటో వచ్చింది!”

కిటికీకి తల ఆనించి, నోరు తెరిచి నిద్రపోతున్న చంద్రవ్వ. కింద రాసింది దీపాలి చదివి చెప్పింది: మగ్గాల కింద నలిగిపోయిన బతుకు.

“నేనెప్పుడు నలిగిన్నే? ఆ దినం మా చెల్లె మటన్ వండింది. తిని పండుకున్న” అంది చంద్రవ్వ. ముఖం మాత్రం ఎర్రబడింది. షెడ్డులో ఆ పేపరు అప్పటికే చేతులు మారుతోంది.

మరునాడు కూతుర్ని వెంటబెట్టుకుని హాలుకు పోయింది. రూపేష్ ఎవరికో తన కళ గురించి వివరిస్తున్నాడు.

“ఏంది బిడ్డా, నన్ను అడిగి తీసినవా?”

“అడిగితే ముఖం మారుతది చిన్నమ్మా. అప్పుడు నిజం దొరకదు.”

“పండుకున్నోళ్ల నోట్లకు తొంగిచూసుడు నిజమా? మీ అమ్మ గూడ పండుకుంటది గద. ఆమె ఫోటో ఏది?”

“మా అమ్మ బస్సెక్కదు” అన్నాడు రూపేష్.

“అయితే బస్సెక్కుడే మా తప్పా?”

చూడవచ్చినవాళ్లు నవ్వారు. రూపేష్ తల వంచుకున్నాడు. చంద్రవ్వ ఫోటోను గోడ మీంచి తీసి, ఫ్రేము ఊడదీసి వాడి చేతిలో పెట్టి, తన బొమ్మ తాను పట్టుకుని బయటికొచ్చింది.

తర్వాతి వారం, సామాన్యులకు కళ అర్థం కాదని రూపేష్ పేపరుకు ఉత్తరం రాశాడు. దాన్ని వాళ్లు అచ్చు వేయలేదు. ఏడాది తిరగకముందే తండ్రి దుకాణంలో గద్దె మీద కూర్చుని, వచ్చిన ఆడవాళ్లకు చీరలు విప్పి చూపించసాగాడు. చంద్రవ్వ మాత్రం ఆ గడప తొక్కలేదు.

అయితే ఆ ఫోటో చేసిన పని చిన్నది కాదు. శుక్రవారం తిరుగు బస్సులో కళ్లు మూతలు పడుతుంటే ఆమె కొంగు ముఖం మీదికి లాక్కునేది. ఉక్కపోతకు నిద్ర పట్టేది కాదు. ఎదుటి సీట్లో కూర్చున్నవాళ్ల సంచుల వైపు చూస్తూ భివండి దాకా మేలుకునే వచ్చేది.