చర్చి గోడ మీద మా బావ నిద్ర

ముందే చెప్పేస్తున్నాను, నేను రాసేదాంట్లో ఒక పావు వంతు కోసేసి చదువుకోండి. మా ఆవిడ సగం కోస్తుంది, మా అక్కయితే మొత్తం కోసేసి మిగిలిన చుక్కలనీ కామాలనీ కూడా అనుమానంగా చూస్తుంది. పిల్లిని చూసి పులి అని చెప్పడం నాకు అబద్ధంలా ఎప్పుడూ అనిపించలేదు, పిల్లికి కాస్త మర్యాద ఇచ్చినట్టే అనిపిస్తుంది. అయితే మా బావ మీద నాకున్న అసూయ ఉంది చూశారూ, దాన్ని మాత్రం పెంచి చెప్పడం నా వల్ల కాదు, ఎందుకంటే అది ఇంకా పెరగడానికి చోటు లేదు.

మొన్న ఆదివారం ఏమైందంటే, కోరాపుట్ బజార్లో మా కిరాణా కొట్టు ముందుకి పాతికమంది కాలేజీ పిల్లలు వచ్చి నిలబడ్డారు; పాతిక అన్నాను గానీ మీరు కోసుకున్నాక ఎంతమంది మిగిలితే అంతమంది. వాళ్ళని వెంటబెట్టుకొచ్చిన అమ్మాయి ఇక్కడి కాలేజీలో చరిత్ర చెబుతుందట, నెలకో ఆదివారం పిల్లల్ని ఊళ్ళో పాత గోడల వెంట, పాత మనుషుల వెంట నడిపిస్తుందట. ఆ అమ్మాయి కొట్టులోకి తొంగిచూసి, శనగపప్పు తూస్తున్న నన్ను దాటి, నా భుజం మీంచి వెనక కుర్చీలో ఉన్న మా బావని చూసి, "అదిగో, ఆయనే!" అని అరిచింది. అంతే, పాతిక ఫోన్లు ఒక్కసారి లేచాయి. "ఏటమ్మీ, నేనేటి సినిమా యాక్టర్నా" అంటూనే మా బావ ఎందుకైనా మంచిదని మీసం సవరించుకున్నాడు. నన్నేమో ఒక పిల్లాడు, "అంకుల్, కొంచెం పక్కకి" అన్నాడు. నా కొట్టులో, నా తక్కెడ దగ్గర, నన్ను పక్కకి!

ఈ అవమానం ఈనాటిది కాదు. మా బజారు చివర పెంకుల చర్చి ఉంది, మీలో కోరాపుట్ వానలు తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు, ఆ రోజుల్లో వాన జూన్‌లో మొదలైతే మనం దాని పేరు మరిచిపోయేదాకా కురిసేది. అలా ఒక ఏడాది చర్చిలో బలిపీఠం వెనక గోడ సున్నం మొత్తం పెచ్చులుగా రాలిపోయింది. అప్పుడు మాకు బళ్ళో డ్రాయింగు చెప్పిన మాస్టారు, బొబ్బిలి వైపునుంచి వచ్చి ఇక్కడే స్థిరపడినాయన, ఆదివారం తప్పకుండా చర్చికి వెళ్ళే మనిషి, ఆ గోడ మీద యేసు పుట్టుక కథ గీస్తానని ఒప్పుకున్నారు. కానీ ఒక్క షరతు. బేత్లెహేము తానెప్పుడూ చూడలేదు, చూడనిది గీయలేరు, కాబట్టి కోరాపుట్టే గీస్తారు.

ఇక చూడండి, ఆ వర్షాకాలం పోయిన దగ్గర్నుంచి క్రిస్మస్ దాకా ఊరు ఊరంతా ఆ గోడ మీదికి ఎక్కేసింది. పల్లెల ఆడవాళ్ళు వచ్చి వాళ్ళ ఇళ్ళ గోడలకి చేసుకున్నట్టే ఎర్రమన్నుతో గోడ కింది భాగం అద్దంలా మెత్తి వెళ్ళారు, దాని పైన మా వీధి ఆడవాళ్ళు, మా అమ్మతో సహా, బొట్టు చెరగకుండా నిచ్చెనెక్కి ముగ్గుల అంచు వేశారు. ఆకాశానికి నీలిమందు మా కొట్టునుంచే వెళ్ళింది. పొట్టంగి ఘాటీ మలుపులు తిరుగుతూ తూర్పు దేశపు జ్ఞానులు ముగ్గురూ పసిబాలుడికి కానుకలు పట్టుకుని దిగివస్తారు, ఒంటెల్ని ఎవరూ చూడలేదు గనక ఎడ్ల మీద. గొర్రెల కాపరులు బొయిపరిగుడ సంతకి మేకల్ని తోలుకొచ్చే అన్నదమ్ములు, మరియమ్మేమో ముక్కుకి మూడు పోగులతో బజార్లో అల్లం అమ్మే ఆవిడ, యోసేపు మా కొట్టు తలుపులు చేసిన వడ్రంగి. మాస్టారు ఫొటో చూసి గీసే మనిషి కాదు. ఒక్కొక్కరినీ ఎదురుగా కూర్చోబెట్టుకుని రెండేసి గంటలు చూసి, అప్పుడు గీసేవారు.

మరి నాకు అప్పుడు ఇరవై రెండేళ్ళు. ముగ్గురు జ్ఞానుల్లో సాంబ్రాణి తెచ్చేవాడు నేనే అవుతానని ఊళ్ళో ఎవరికీ చెప్పకపోయినా నాకు నేను చెప్పేసుకున్నాను, సాంబ్రాణి అమ్మేది మేమే కదా. రాయగడ దాకా బస్సులో వెళ్ళి జుట్టు కత్తిరించుకొచ్చాను. మాస్టారు ఎక్కడ కూర్చుంటే అక్కడికి టీ పట్టుకెళ్ళి, ఇచ్చి, వెంటనే పక్కకి తిరిగి నా ముక్కు ఆయనకి కనిపించేలా నిలబడేవాణ్ణి. నాలుగు రోజులు భరించి ఆయన అననే అన్నారు.

"ఒరే బాబూ, ఒక్క సిటికెడు సేపు కుదురుగా ఉండలేవేట్రా? నిన్ను గీస్తే గోడే కదిలిపోద్ది. అదిగో, మీ బావని సూడు. కొండలాగ కూకున్నాడు."

మా బావంటే మా అక్క మొగుడు. సాలూరునుంచి అక్కని కాపురానికి తీసుకెళ్ళడానికి వచ్చినవాడు, నాలుగు రోజులు కొట్టులో సాయం ఉండమని మా నాన్న అంటే ఉన్నాడు, ఇప్పటికీ ఉన్నాడు. వచ్చిన వారంలోనే, నేను పుట్టినప్పటినుంచీ నాదే అనుకున్న గల్లాపెట్టె పక్క పరుపు మీద ఆయన కూర్చున్నాడు. మధ్యాహ్నం పప్పూ చారూ తిని వచ్చి కూర్చుంటే మరి సాయంత్రం బేరాలు మొదలయ్యేదాకా ఆ శరీరంలో ఏ భాగమూ కదిలేది కాదు. కూర్చునే నిద్రపోయేవాడు. ఆ రోజు ఒళ్ళో సాంబ్రాణి డబ్బా మూత తీస్తూ తీస్తూ నిద్రపోయాడు. ఎదురు అరుగు మీద మాస్టారు కాగితం తీశారు.

నేను ఊరుకుంటానా? వెనక గదిలోకి వెళ్ళి ఎండుమిరపకాయల బస్తా మూతి విప్పి, దాన్ని ఎత్తి ఎత్తి కుదేశాను. బజారంతా తుమ్మింది. మునసబు కోర్టులో జడ్జిగారు తుమ్మారట, మాచ్‌ఖండ్‌లో కరెంటు మరలు ఒక్క క్షణం ఆగాయట. మా బావ మాత్రం తల కొంచెం పక్కకి వాల్చి, పెదవుల మీద చిన్న నవ్వు తెచ్చుకుని, ఇంకా హాయిగా నిద్రపోయాడు. "అలాగ, అలాగే ఉండు నాయినా" అని మాస్టారు తుమ్ముతూనే గీశారు. నా మిరపకాయలు పెట్టిన ఆ వాలూ ఆ నవ్వే ఇవాళ గోడ మీద సాంబ్రాణి తెచ్చే జ్ఞాని భక్తి.

విషయం తెలిసి మా అక్క నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, "నీకు నెత్తి కాణ్ణించి కాళ్ళ దాకా కుళ్ళేరా తమ్ముడూ" అంది. నిజమే. ఆ కుళ్ళులో ఏ ఒక్క ఎముకకీ నేను అన్యాయం చేయలేదు.

గోడ మీద అందరూ అయిపోయాక ఇంక మిగిలింది సత్రపువాడొక్కడే, నిండు గర్భిణిని గుమ్మంలో నిలబెట్టి చోటు లేదన్నవాడు. వాడిది మొహం కూడా గీయరట, సగం తెరిచిన తలుపు సందులోంచి బయటికొచ్చి అడ్డం పెట్టిన చెయ్యి ఒక్కటే. మాస్టారు ఆ చెయ్యికి నన్ను రమ్మన్నారు. శనివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక వచ్చి ఓ రెండు గంటలు చెయ్యి చాపి నిలబడు చాలునన్నారు. నేను వెళ్ళాను, నిలబడ్డాను, రెండు కాదు మూడు గంటలు రాయిలా నిలబడ్డాను, ఈగ వాలినా తోలుకోలేదు. క్రిస్మస్ రోజున ఊరంతా వచ్చి ఎవరి మొహం వాళ్ళు వెతుక్కుని మురిసిపోతుంటే నేను తలుపు వెనక ఉన్న మిగతా నన్ను ఊహించుకుని మురిశాను.

మొన్నటి ఆదివారానికి వస్తే, పిల్లలు మా బావని ఊరేగింపుగా చర్చికి తీసుకెళ్ళారు, నేను కొట్టు మా ఆవిడకి అప్పగించి వెనకే వెళ్ళాను. ఆ గోడ ముందు ఆ అమ్మాయి నిలబడి, "చూడండి, పసిబాలుణ్ణి తలుచుకుని కళ్ళు మూసుకున్న ఈ జ్ఞాని మొహంలో ఎంత భక్తి" అంటోంది. పిల్లలు తలలూపుతున్నారు. మా బావ కూడా ఊపుతున్నాడు! పప్పూచారు నిద్రకి ఇంత గౌరవమా అని నా కడుపు మండిపోయి, ఎవరూ అడక్కుండానే, "ఆ చెయ్యి నాది" అనేశాను.

ఆ అమ్మాయి గిరుక్కున తిరిగింది. కళ్ళు ఇంతింత చేసుకుంది.

"నిజంగానా అంకుల్? ఆ ఒక్కటే నాకు దొరకలేదు. ఎవరూ సెప్పలేకపోయేరు!"

అప్పుడు తెలిసింది, ఆ అమ్మాయి మాస్టారి మనవరాలు. గోడ మీద ఉన్న ప్రతి మనిషి పేరూ కనుక్కుని చిన్న పుస్తకం వేస్తోందట. తాతయ్య ఊరందరినీ గీశాడు గానీ తాతయ్య బొమ్మ ఒక్కటీ లేదట, ఉన్న ఒక్క బడి గ్రూపు ఫొటోలోనూ ముందువాడి తల అడ్డమొచ్చిందట. అందుకని కనీసం ఆయన చూసిన మనుషులనైనా చూడాలని ఉందట. చెప్పి, నా చెయ్యి ఆ చెయ్యి పక్కన పెట్టమని ఫోను ఎత్తింది. నేను కుడి చెయ్యి పెట్టాను. "అంకుల్, తాతయ్య గీసింది ఎడం సెయ్యి కదా" అంది. నేను వెంటనే ఎడం చెయ్యి పెట్టాను. మా బావ ఒక్కసారి నా వైపు చూశాడు. మీసం సవరించుకున్నాడు. తిట్టినా బాగుండేది.

ఇప్పుడు అందరి జేబుల్లోనూ అందరి మొహాలూ ఉన్నాయి, పూటకి ఇరవై తీసుకుంటాం, రేపటికి మరిచిపోతాం. ఒక మనిషి ఇంకో మనిషిని పని మానుకుని రెండు గంటలసేపు చూడటం అనేది మా బజార్లో ఆ ఏడాది జరిగింది, మళ్ళీ జరగలేదు. కిరాణా సామాను కొనడానికి వచ్చినవాళ్ళు కూడా ఇప్పుడు నా మొహం చూడరు, గోడకి అంటించిన చదరపు గళ్ళ కాగితాన్ని ఫోనుతో చూసి వెళ్ళిపోతారు. అలాంటి చూపు నాకు దక్కాల్సిన రోజు ఒకటి వచ్చింది, దాన్ని నేను ఏం చేసుకున్నానో చెప్పాలి గదా.

జడ్జిగారి తుమ్మూ, మాచ్‌ఖండ్ మరలూ కోసేసి ఉంటారు, సరే. కానీ నేను నిజంగా కల్పించింది అవి కాదు. ఆ శనివారం నేను వెళ్ళలేదు. బావకి మొహమూ, నాకు చెయ్యీనా అని అలిగి, మేడ మీద పడుకున్నాను. మాస్టారు నా కోసం చూసి చూసి, వెలుగు పోతుందని, కుడి చేత్తో కుంచె పట్టుకుని తన ఎడం చెయ్యే చాపి, దాన్నే చూసుకుంటూ గీసేశారు. మర్నాడు దారిలో కనబడితే ఒక్క మాట తిట్టలేదు, "పోన్లేరా, నా సెయ్యీ కుదురుగానే ఉంది" అన్నారు. ఇన్నేళ్ళు ఎవరికీ చెప్పలేదు, ఆయనా ఎవరికీ చెప్పకుండానే పోయారు.

పుస్తకం వచ్చే నెల అచ్చుకి వెళ్తుందట. ఇది రాస్తుంటే కూడా నాకు కుళ్ళుగానే ఉంది, ఉన్న ఒక్క చెయ్యీ పోతోంది కదా. అయినా రేపు పొద్దున్నే కాలేజీకి వెళ్ళి ఆ అమ్మాయికి చెప్పేస్తాను, నా పేరు కొట్టేయమ్మీ, అది మీ తాతయ్య చెయ్యి అని.