కొత్త థిన్నర్

నాచారం షెడ్డులో ఆయిల్ ట్యాంకుల లోపల రంగు కొట్టే పెంటయ్యకు గడియారంతో పని లేదు. ఎప్పుడు బయటికి రావాలో ముక్కే చెబుతుంది. మూతికి తడి తువ్వాల చుట్టుకుని, ఎండకు పెనంలా కాలే ట్యాంకులోకి దిగుతాడు. రంగులో కలిపే థిన్నర్ ఘాటు ముక్కులో గుచ్చుకోగానే పైకొస్తాడు. వచ్చి, చల్లగా ఉంటుందని అదే థిన్నర్‌తో మెడా చేతులూ తుడుచుకుంటాడు. ఈ మే నెలలో మాత్రం లోపలే చాలాసేపు ఉండిపోతున్నాడు. "కొత్త థిన్నర్ మస్తుగున్నది, ఘాటే లేదు" అని అందరికీ చెప్పాడు. తల తిరిగితే ఎండదెబ్బ అనుకున్నాడు.

ఆదివారం ఉప్పల్‌లో, ఇంట్లో పొయ్యి పక్కనే కూర్చుని రేడియో వింటున్నాడు. నీళ్ల బిందెతో వచ్చిన భార్య సత్తెమ్మ గబగబా గిన్నె దించింది. "పక్కన్నే కూసున్నవ్ గదా, అన్నం మాడిన వాసన రాలేదా?" పెంటయ్య గిన్నెలోకి వంగి చూశాడు. అడుగంతా బొగ్గయింది, వాసన మాత్రం లేదు. మెల్లగా తన అరచేతులు ముక్కుకు ఆనించుకున్నాడు. వాటికీ లేదు. సోమవారం ట్యాంకులోకి దిగబోతూ, తోటి పెయింటర్ ఎల్లేశం చెయ్యి పట్టుకున్నాడు. "జర ఈడనే నిలవడు బావా. నీకు ఘాటు తగలంగనే నన్ను పిలువు."