అల్మారాలో తగిలిన వ్యాను

బడి వ్యాను డ్రైవరు సాయంత్రం ఇంటికి రాగానే అల్మారా ముందు పీట వేసుకుని కూర్చుంటాడు. అందులో అరచేతిలో ఇమిడే లోహపు బొమ్మ వ్యాన్లు ఉంటాయి. పాల వ్యాను, రొట్టెల వ్యాను, టపా వ్యాను, అన్నీ ఇప్పుడు రోడ్డు మీద కనిపించని పాతకాలపువే. ఒక్కొక్కదాన్నీ మెత్తటి గుడ్డతో తుడిచి, చూపుడువేలితో వెనక్కి నడిపిస్తూ దాని చోట్లో నిలుపుతాడు. అలా నడిపేటప్పుడు మెడ తిప్పి, భుజం మీదుగా తన వెనక్కి చూడకుండా ఉండలేడు. "రానివ్వండి, రానివ్వండి, వెనక ఖాళీయే," అంటుంది భార్య వంటింట్లోంచి. వ్యానుకీ వ్యానుకీ మధ్య గోరు పట్టేంత సందు. ఇన్నేళ్లలో ఒకటి ఇంకోదానికి తగిలింది లేదు. ఒకసారి కళ్లు చూపించుకోమని ఆవిడ పోరినప్పుడల్లా ఆ సందు చూపించి నవ్వేవాడు.

నిన్న రొట్టెల వ్యాను పాల వ్యానుని రాసుకుపోయింది. ఆవగింజంత రంగు లేచింది. వేలికొసకు అంటిన ఆ రంగును చూడటానికి కిటికీ దాకా వెళ్లాల్సి వచ్చింది. ఈవేళ పొద్దున వ్యాను తియ్యకముందే తాళాలు తెచ్చి బడి పెద్ద మేడమ్ బల్ల మీద పెట్టి, పిల్లల కోసం ఇంకొకర్ని చూసుకోమన్నాడు.

ఆవిడ కంగారుపడింది. "ఏమైందయ్యా? ఎక్కడైనా గుద్దేశావా?"

"అవునండీ," అన్నాడు. "ఇంట్లో, అల్మారాలో."