బాపు ఏరి తెచ్చిన సైకిలు

అంగడిలో ఎద్దును ఎంచడంలో మా బాపు పెట్టింది పేరు. ఆ పేరే నా కొంప ముంచింది.

అరవైల మొదట్లో నాకు పంతులమ్మ ఉద్యోగం వచ్చింది. గొర్లూ గొడ్లూ కాసుకునే మా ఇంట్లో చదువుకున్నది నేనొక్కదాన్నే. బడి మాత్రం మూసీ వెంట ఆరు మైళ్లు దిగువన, ఇంకో ఊళ్లో. బస్సు లేదు. ఏటి ఒడ్డున బండ్లబాట, అందులో సగం ఇసుకే. ఏడాదిపాటు వేళకు బడి తెరిస్తేనే ఉద్యోగం ఖాయం చేస్తామన్నారు. ట్రైనింగు హాస్టల్లో స్నేహితురాలి సైకిలు తొక్కడం నేర్చుకున్నాను కాబట్టి నాకూ ఒకటి కొనమని బాపును అడిగాను. సంతోషంగా ఒప్పుకున్నాడు.

నల్లగొండలో సైకిళ్ల దుకాణం సాయిబు లేడీస్ సైకిలొకటి బయటికి తీశాడు. సన్నగా, తేలికగా ఉంది.

"పెద్దయ్యా, బిడ్డ చీర కట్టుకొని తొక్కాలంటే గిదే మంచిది. ఇసుకల గూడ అల్కగ పోతది."

బాపు దాని చుట్టూ తిరిగాడు. ఒంటిచేత్తో లేపి చూసి, సీటు ముందు అడ్డకడ్డీ లేదని మొహం చిట్లించాడు.

"గిదేంది, నడుమ ఎన్నుబొక్కనే లేదు! నడుమిరిగిన గొడ్డును ఎవడన్న కొంటడా?"

"బాపూ, నాకు గదే కావాలె. నేను తొక్కింది గసొంటిదే."

"నువ్వు ఊకో బిడ్డా. కొనుడు నీకేమెరుక?"

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లు. లోపలి నుంచి రెండు అడ్డకడ్డీల డబుల్ బార్ బండిని తెప్పించాడు. మూపురం నొక్కినట్టు సీటు నొక్కాడు, వీపు చరిచినట్టు కడ్డీలు చరిచాడు. లేపబోతే లేవలేదు. అప్పుడు నవ్వాడు.

ఇంటికి తెచ్చాక కొత్త ఎద్దుకు చేసినట్టే అమ్మ దానికి పసుపూ కుంకుమా పెట్టి, దిష్టి తగలకుండా హ్యాండిల్‌కు నల్లదారం కట్టింది. మర్నాడు ఏటి ఒడ్డున ఒక బండ ఎక్కి సైకిలు మీద కూర్చున్నాను. కాళ్లు పెడళ్లకు అందలేదు. చీర కుచ్చెళ్లు కడ్డీకి చుట్టుకున్నాయి. బట్టలుతికే వాళ్లందరి ముందూ దబ్బున పడ్డాను. వాళ్ల నవ్వు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

ఆ రోజు నుంచి అన్న నన్ను వెనక కూర్చోబెట్టుకుని దించి వచ్చేవాడు. అసలే మోటు బండి, దానికి తోడు ఇద్దరి బరువు. ఇసుక రాగానే చక్రం దిగబడేది. దిగి, ఇద్దరం తోసుకుంటూ పోయేవాళ్లం. దారి పొడుగునా అన్న సణుగుడే. అతనికి తీరిక దొరికినప్పుడే నాకు ఉద్యోగం.

పల్లికాయ పీకే రోజులొచ్చాయి. అన్న సైకిలేసుకుని చెలకలో పనికి పోయాడు. నేను నడిచాను. పాలు పితికి, కొట్టం ఊడ్చి బయల్దేరేసరికే పొద్దెక్కేది; ఆ ఇసుకలో ఆరు మైళ్లు నడిచి బడి చేరేసరికి పిల్లలు చూసి చూసి ఇళ్లకు పోయేవారు. అట్లాంటి ఒక రోజే బడుల ఇన్‌స్పెక్టరు వచ్చాడు. చెప్పుల నిండా ఇసుకతో నేను పోయేసరికి తాళం వేసిన తలుపు ముందు కూర్చుని ఉన్నాడు. గడియారం చూసుకుని, పుస్తకంలో ఏదో రాసుకుని వెళ్లిపోయాడు. నెల తిరక్కుండానే నా ఉద్యోగం ఊడింది.

"గంత దూరాన బడి పెట్టినోనిదే తప్పు," అన్నాడు బాపు. సైకిలు ఊసెత్తలేదు. నాకు ఒళ్లు మండిపోయింది. కానీ మా ఇంట్లో ఆడపిల్ల కోపం పొయ్యి దాటి బయటికి పోదు.

తర్వాత అన్న దానికి పాలక్యాన్లు కట్టాడు. మోత్కూరు గట్టిబాట మీద అది గుర్రంలా ఉరికేది. బాపు మీసం మెలేసేవాడు. ఇంటికి ఎవరొచ్చినా వాకిట్లోకి తీసుకెళ్లి చూపేవాడు.

"నా బిడ్డ నౌకరి కోసం ఏరి తెచ్చిన బండి. ఎన్నేండ్లయినా ఎట్లున్నదో చూడుండ్రి!"

వచ్చినవాళ్లు కడ్డీలు తట్టి చూసి, మెచ్చుకునేవారు. ఆ బిడ్డనైన నేను వాళ్లకు చల్ల గ్లాసులు అందించి, పేడకళ్లు ఎత్తడానికి కొట్టంలోకి పోయేదాన్ని.