నీలం డబ్బాపై అరచెయ్యి

మిట్టమధ్యాహ్నం మేడ మీద ఖాళీ నీళ్ల క్యాను ఎండకు ఉబ్బి టక్కుమంటే, చేస్తున్న పని ఆపి పైకి వెళ్తాను. దాని మీద అరచెయ్యి పెట్టి చూసి, మూత వదులు చేస్తాను. ఈ అలవాటు రాజయ్య నుంచి వచ్చింది.

ఇరవయ్యేళ్ల కిందట సచిన్ అనే పారిశ్రామికవాడలో ఒక బట్టల రంగుల మిల్లులో నేను సూపర్‌వైజర్‌ని. ఆ పక్కనే ఉన్న ఉధ్నాలో రైల్వే ఉద్యోగి కొడుకుగా పెరిగి, ఫిజిక్స్ డిగ్రీ సంపాదించినవాణ్ణి. కరీంనగర్ వైపు నుంచి వచ్చిన రాజయ్య రసాయనాల గోదాము చూసుకునేవాడు. ఏడో తరగతిలో చదువు ఆగినా ప్రశ్నలు ఆగలేదు. బట్టను తెల్లబరిచే పెరాక్సైడ్ నీలం డబ్బాల్లో వచ్చేది. వాటి మూతకు సన్నని రంధ్రమెందుకని ఒకరోజు అన్నాల దగ్గర అడిగాడు. లోపల వాయువు పుడుతుందనీ, దాని అణువులు క్షణం నిలవక పరుగెత్తుతూ గోడలకు కొట్టుకుంటాయనీ, వేడెక్కితే మరింత జోరుగా కొట్టుకుంటాయనీ, ఆ దెబ్బలన్నీ కలిస్తేనే పీడనమనీ చెప్పాను. ఆయన రొట్టె నమలడం ఆపి, "అంటే మా బమ్రోలి ఖోలీల, ఒక్క అర్రల పన్నెండు మందిమి ఉన్నట్టు. ఎండాకాలం ఒకని మోచెయ్యి ఒకనికి తగులుతనే ఉంటది," అన్నాడు. మర్నాటి నుంచి జ్వరం చూసినట్టు ప్రతి డబ్బానూ తాకి చూసేవాడు. నేను నేర్చుకున్నది పరీక్షలకు. ఆయన నేర్చుకున్నది నమ్మడానికి.

ఒకసారి యజమాని బంధువులు వస్తున్నారని, గోదాము శుభ్రంగా కనబడాలని ఆరు డబ్బాలు ఆవరణలో పెట్టించాను. మోసేటప్పుడు చిమ్మకుండా రంధ్రం లేని మూతలు బిగించమన్నాను.

"సార్, ఎండల గిట్ల బిగిస్తే లోపటియి ఊకుంటయా? మీరే చెప్పిన్రు గద," అన్నాడు రాజయ్య.

పదిమందిలో నాకు చిన్నతనమనిపించింది. వయసులో పెద్దవాడని ఎప్పుడూ మీరు అనే నేను, "పాఠం చెప్పింది నేను. నాకే అప్పజెబుతున్నావా?" అన్నాను. అందరూ నవ్వారు. ఆయన తల దించుకున్నాడు.

మధ్యాహ్నానికి డబ్బాలు ఉబ్బడం చూసి, ఎవరితోనూ అనకుండా ఒక్కొక్క మూతా వదులు చేయసాగాడు. నాలుగోది ముఖం మీద పేలింది. రెండు కళ్లూ పోయాయి. 'అనుమతి లేకుండా మూతలు తీశాడు' అని నివేదికలో రాశాను. అందులో అబద్ధం లేదు. తప్పంతా ఆయనదైపోయింది.

ఆ కాగితం జేబులో ఉండగానే ఆసుపత్రికి వెళ్లాను. కట్ల కింద నుంచి నా గొంతు గుర్తుపట్టి ఆయన అడిగింది ఒక్కటే. "సార్, ఇంక రెండు మిగిలినయ్. జర వదులు చేసిన్రా?"

చేశామన్నాను. ఆ రెండింటి సంగతే అప్పటిదాకా నాకు తట్టలేదు. పరుగున వెనక్కి వచ్చేసరికి ఎవరో వాటిని నీడకు లాగి, మూతలు తీసి ఉంచారు.

భార్య చెయ్యి పట్టుకుని ఆయన ఊరికి వెళ్లిపోయాడు. నివేదిక నేను దిద్దలేదు. ఆసుపత్రిలో ఆయనకు చెప్పిన 'చేశాం' అన్న మాటను, కనబడిన మూతనల్లా తిప్పుతూ, ఇప్పటికీ నిజం చేయాలని చూస్తున్నాను.