చేతిరుమాలు ఊగే గాలి

మా తమ్ముడు మోటార్లకు తీగ చుట్టే పనివాడు. కొండ కింద ఊళ్లో ఇరుకు కొట్టు, బల్ల నిండా రాగి తీగ, కాలిపోయిన ఫ్యాన్లు. ఎవరేం పాడుచేసుకొచ్చినా "దీనికేం, లేస్తుంది" అంటాడు. నేను కొండవాలు మీది చిన్న ఆసుపత్రిలో నర్సును. వానాకాలమంతా మాకు కరెంటుండదు, మబ్బు దిగి ఎండ మొహమే కనపడదు. టీకా మందులుంచే బుల్లి ఫ్రిజ్ ఆగిందంటే మందులన్నీ పారబోయాల్సిందే. తల్లులు పసిబిడ్డల్నెత్తుకుని నాలుగు గంటలు జారుడు దారిలో కింది ఊరికి దిగాలి. మూడేళ్ల కిందట ఒకావిడ పడి కాలు విరగ్గొట్టుకుంది. అది విన్నప్పటి నుంచి వాడికి గాలిమర పిచ్చి పట్టింది.

రెండేళ్లలో మూడు మరలు తెచ్చి మా కప్పు మీద బిగించాడు. వాడున్నంతసేపూ గిర్రున తిరిగేవి. వాడు కొండ దిగాక కదిలితే ఒట్టు! బ్యాటరీ నిండేది కాదు. ఫోన్ చేస్తే, "నువ్వే ఏదో కెలికుంటావక్కా" అనేవాడు. మూడోసారి ఆ మాట అనేసరికి నాకు ఒళ్లు మండింది.

"ఒరేయ్, నువ్వు వచ్చేదీ గాలి కొలిచేదీ మధ్యాహ్నం పూట. ఆరేసిన దుప్పటి ఎగిరేంత గాలి అప్పుడే. మిగతా రోజంతా చేతిరుమాలు ఊగితే గొప్ప. పదకొండేళ్లుగా ఇక్కడ బట్టలారేస్తున్నదాన్ని, ఒక్కసారైనా నన్నడిగావా?"

"ఏ వేళకి ఏ గుడ్డ ఊగుతుందో రాసి పంపుతావా?" అన్నాడు.

నెలరోజులు గంటగంటకీ బట్టల తీగ మీద ఏ గుడ్డ కదిలిందో రాశాను. రుమాలు, రుమాలు, తువ్వాలు, మళ్లీ రుమాలు. అది చూసి వాడు తల పట్టుకున్నాడట. రెక్కలు తేలిగ్గా, పొడుగ్గా చెక్కాడు. మరలోని అయస్కాంతాలు ఇనుముకు అతుక్కుని మరను కదలనివ్వడం లేదని, తీగచుట్టల మధ్య ఇనుమంతా తీసేశాడు.

నాలుగోది బిగించి ఈసారి వారం ఉండిపోయాడు. పొద్దున్నే తీగ మీద రుమాలొక్కటే ఊగుతోంది. మర బద్ధకంగా ఒళ్లు విరుచుకుని తిరిగింది, ఆగలేదు. నాలుగు రోజులకి బ్యాటరీ నిండి ఫ్రిజ్ గడగడలాడించేంత చల్లబడింది; కింది నుంచి టీకా మందులు తెప్పించి పెట్టాను.

ఆరో రోజు మబ్బులోంచి ఒకావిడ నెలల పాపతో వచ్చింది. ఆ ఫ్రిజ్‌లోంచి మందు తీసి సూది వేశాను. పాప ఆసుపత్రి ఎగిరిపోయేలా ఏడ్చింది. వెనక్కి చూస్తే గుమ్మంలో మావాడూ కళ్లు తుడుచుకుంటున్నాడు.

"సూది పాపకిరా, ఏడుపు నీకెందుకు?"

"ఆవిడిక కిందికి దిగక్కర్లేదు కదక్కా!"

ఏడుపు ఆపుకోవడం నా వల్లా కాలేదు. ముగ్గురం ఏడుస్తుంటే, పాపం ఆ తల్లి ఎవర్ని సముదాయించాలో తెలీక నిలబడిపోయింది.